గడువు తీరిన తరువాత

మా చిన్నతనంలో బాగేపల్లి ప్రాంతాన ఎద్దులబండి చక్రం విరిగితే రైతు నేరుగా వడ్రంగి యింటికి పోయేవాడు. "ఏమప్పా, నువ్వు చేసిన చక్రమే గదా, రెండేండ్లు కూడా రాలేదే!" అనేవాడు. వడ్రంగి తల గోక్కుని, ఆకులు వొక్కొక్కటే తట్టి చూచి, కట్టె పచ్చిదైతే తన తప్పు వొప్పుకొని మళ్ళీ చేసి యిచ్చేవాడు. బరువుకు మించి రాళ్ళబాటన తోలి విరగ్గొట్టుకుంటే ఆ మాటా మొగమాటం లేకుండా చెప్పేవాడు. ఇందులో గొప్ప ధర్మబుద్ధి వుందని మేము అనబోము. సుగ్గి కాలంలో ఆ రైతు కళ్ళంలో కొలిచే గింజలే వడ్రంగి జీతం. వడ్రంగితో తగవు పెట్టుకుంటే రైతుకు దుక్కి సాగదు. చేసినవాడూ, వాడుకొనేవాడూ వొకే వూళ్ళో వొకరి మొగం వొకరు చూచుకుంటూ బ్రతకవలసినవారు గనుక, వారంటీ కార్డుతో పని లేకుండానే వ్యవహారం నడిచింది.

ఇప్పటి మోటారు బండి సంగతి అట్లా కాదు. చేసినవారు యే రాష్ట్రంలోనో, అమ్మినవారు పట్నంలో, వాడుకొనే మనం చింతామణిలో. నడుమ వున్నది వొక్క కాగితం. ఆ కాగితానికి గడువు తీరిననాడు మనకూ వారికీ యేమి మిగులుతుంది? మన సంఘ సభ్యులలో కార్లున్నవారు యీ పదేండ్లలో బాగా పెరిగినారు గనుక, మాకు జరిగినదీ, దాని మూలంగా మేము తెలిసికొన్నదీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మేము న్యాయవాదులము గాము. కాగితాలు పేర్చి, గుచ్చి, నెంబరు వేసి పెట్టే గుమాస్తా వుద్యోగమే మాది. ఐతే యీ వ్యవహారమంతా కాగితాల వ్యవహారమే కావడంవల్ల మా వుద్యోగం కొంత అక్కరకు వచ్చిందనే చెప్పాలి.

టక్ టక్ శబ్దం

మేము అప్పు చేసి వొక చిన్న కారు కొన్నాము. రెండేండ్ల వారంటీ. చింతామణి నుండి చిక్కబళ్ళాపురం కచేరీకి, పండుగలకు బాగేపల్లి అత్తవారింటికి, అంతకు మించి దూరం యెరుగదు. ఇరవైయొకటో నెలలో స్టీరింగు తిప్పినప్పుడల్లా ముందువైపు టక్ టక్ మని శబ్దం. సర్వీసుకు తీసికొని పోయినప్పుడు బల్ల దగ్గరి యువకునితో చెప్పినాము. అతడు బండి వొక చుట్టు తిప్పి వచ్చి, "ఏమీ లేదు సార్, రోడ్డు గుంతలు" అన్నాడు. మేము తల వూపి యింటికి వచ్చినాము.

ఇరవై యేండ్లుగా మా కిటికీ దగ్గరకు వచ్చే ప్రతి మనిషికీ "నోటిమాట చెల్లదయ్యా, అర్జీ వ్రాసి యియ్యి" అని చెప్పే మేము, మా బండి విషయంలో నోటిమాటతో తృప్తిపడి వచ్చినాము! జాబ్ కార్డులో ఆ శబ్దం మాటే లేదు. చూడకుండా సంతకం చేసినాము.

ఇరవైయారో నెలలో బాగేపల్లి దాటి పెద్దరోడ్డుమీద పోతూండగా స్టీరింగు వొక్క క్షణం బిగుసుకొని వదిలింది. వెనుక సీటులో మా అమ్మ, మా అమ్మాయి నిద్రపోతున్నారు. పక్కన లారీ. ఏమీ జరుగలేదు, ఐనా ఆ సాయంత్రం దాకా మా చేతులు వణుకుతూనే వున్నవి.

మరునాడు డీలరు వర్క్‌షాపులో బండి పెట్టినాము. స్టీరింగు రాక్ మొత్తం మార్చాలన్నారు. ఎస్టిమేటు రూ. 42,000. మా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు దాదాపు అంతే. మేము మొదట చెప్పినప్పుడు గడువు లోపలే వుంది గదా అని అడిగితే, మేనేజరుగారు కంప్యూటరు వైపు చూచి, "వారంటీ ముగిదిదె సార్, రికార్డినల్లి కంప్లేంటే ఇల్ల" అన్నారు. గడువు ముగిసింది, రికార్డులో ఫిర్యాదే లేదు అని దాని అర్థం. కన్నడంలో అన్నా, తెలుగులో అన్నా ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

చింతామణిలో మాకు తెలిసిన మేస్త్రీ వొకాయన బండి క్రింద దూరి చూచి, "లోపల బుష్షు అరిగి పోయుండాదన్నా. చిన్న ముక్క. కానీ ఆ ముక్క విడిగా మాకు దొరకదు. మొత్తం రాకే కొనమంటారు. కొన్నా, దాన్ని సరిచేసే కంప్యూటరు వాళ్ళ దగ్గరే ఉండాది" అన్నాడు.

మేస్త్రీ మాట ఢిల్లీ దాకా పోయింది

ఆ మేస్త్రీ చెప్పినది మన వూరి కష్టం మాత్రమే కాదు. 2011లో వొక వినియోగదారుడు ఇదే బాధతో ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషనుకు ఫిర్యాదు చేసినాడు. కంపెనీవారు అసలు విడిభాగాలనూ, లోపం కనిపెట్టే పరికరాలనూ తమ డీలర్లకే యిచ్చి బయటి మేస్త్రీలకు అందనీయడం లేదనీ, అందువల్ల కారు కొన్నవాడు యెంత అడిగితే అంత పోయవలసి వస్తున్నదనీ ఆ ఫిర్యాదు సారాంశం. మూడు కంపెనీలపై మొదలైన విచారణ దేశంలోని దాదాపు పెద్ద కంపెనీలన్నిటికీ ప్రాకింది. 2014 ఆగస్టు 25న కమిషను 14 కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలు బహిరంగ విపణిలో దొరకనీయాలనీ, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టగూడదనీ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళినవి. ఆ వ్యాజ్యం పై న్యాయస్థానాలలో యేండ్ల తరబడి నడిచింది. కనుక ఆ తీర్పును అన్ని తాళాలకూ చెవి అనుకోరాదు. కాని మన మేస్త్రీ గొణుగుడు వొట్టి గొణుగుడు కాదని మాత్రం దానివల్ల రుజువైంది.

ఆ తరువాత 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ "రిపేరు హక్కు" అనే విషయం చేపట్టి, ఆ యేడు డిసెంబరు 24న వొక పోర్టలు ప్రారంభించింది. వ్యవసాయ యంత్రాలు, మొబైలు ఫోనులు, యింటి సామానులు, మోటారు వాహనాలు అనే నాలుగు రంగాలు అందులో వున్నవి. డిసెంబరు 24ననే యెందుకంటే, 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడినది ఆనాడే.

ముద్దేనహళ్ళి వారి కల

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ముచ్చట వొకటి చెప్పక తప్పదు. చిక్కబళ్ళాపురానికి దాపున వున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులది మోక్షగుండం. ఆ యింటిపేరే అందుకు సాక్ష్యం. మన దేశంలోనే కార్లు తయారు కావాలని 1930లలో పథకం వేసి, దేశవిదేశాలు తిరిగి పట్టుబట్టినవారు ఆయన. ఆ ఆలోచనను అందుకొన్న వాల్‌చంద్ హీరాచంద్‌గారు 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించినారు.

అరవై యేండ్ల తరువాత, 2004లో, అదే ప్రీమియర్ కంపెనీ డీజిలు కారు విషయమై సుప్రీం కోర్టు వొక తీర్పు చెప్పింది. లోపమున్న బండిని కొత్తదని అమ్మజూడటమే సిగ్గుచేటు, లోపం వొప్పుకోక వ్యాజ్యం నడపటం మరీ సిగ్గుచేటు అన్న ధోరణిలో మందలించి, డీలరుతో బాటు తయారుదారు కూడా బాధ్యుడేనని తేల్చింది. కార్ల ఫ్యాక్టరీ పెట్టాలన్న మాట మన ముద్దేనహళ్ళివారిదైతే, ఆ ఫ్యాక్టరీలో చేసిన బండికి చేసినవాడే పూచీ అన్న మాట సుప్రీం కోర్టుది. రెండూ కలిస్తేనే గదా పరిశ్రమ!

ఐతే తీర్పులన్నీ వొకే వైపు మొగ్గవు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో అదే కోర్టు, లోపమున్న భాగాన్ని మార్చి యివ్వటమే వారంటీ షరతైనప్పుడు మొత్తం కారు మార్చి యిమ్మనరాదు అన్నది. 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ కేసులో, డీలరు తానుగా చేసిన మోసానికి కంపెనీకి కూడా తెలుసునని రుజువైతే తప్ప కంపెనీని పట్టుకోరాదు అన్నది. కనుక అర్జీలో "వీరంతా కలిసి మమ్ము ముంచినారు" అని వ్రాస్తే చాలదు. బండిలోని లోపం యెవరిది, రిపేరులోని లోపం యెవరిది, యే తేదీన యెవరు యేమన్నారు అని విడదీసి వ్రాయాలి.

బీరువాలోని కాగితం

మళ్ళీ మా కథకు వస్తాము. ఎస్టిమేటు చూచిన రాత్రి మేము దిగాలుగా కూర్చుంటే మా యింటివారు, "మొదటి యేడు సర్వీసుకు నేనూ మా తమ్ముడూ పోయినాం గదా, ఆ కాగితం చూసినారా?" అన్నారు. బీరువాలో చీరెల క్రింద ప్లాస్టిక్కు సంచీలో వుంది. పన్నెండో నెల జాబ్ కార్డు. అందులో యజమాని చెప్పిన లోపాలు అనే గడిలో ఇంగ్లీషులో వొక ముక్క: స్టీరింగు తిప్పితే ముందు శబ్దం. పక్కన, చూడబడినది, ఫరవాలేదు.

"ఇది యెట్లా వ్రాయించినావు?" అన్నాము.

"ఆ అమ్మాయి వద్దులెండి ఆంటీ అన్నింది. రాయమ్మా, రాసి నాకో కాపీ యియ్యమ్మా, మా యింట్లో ఆయన ఆఫీసరు, కాగితం లేకుంటే నమ్మడు అన్నాను" అన్నారామె.

మేము ఆఫీసరము గాము. కాని ఆ రాత్రి ఆ మాటకు దిద్దుబాటు చేసే ధైర్యం మాకు లేకపోయింది. నాకు చదువు లేదని తరచూ అనుకొనే మనిషి చేసిన పని, మెట్రిక్యులేషను చదివి ఇరవై యేండ్లు ఫైళ్ళు మోసిన మనిషి చేయలేదు!

మరునాడు డీలరుకు వొక పేజీ లేఖ వ్రాసి, కంపెనీ వారి వినియోగదారుల విభాగానికి వొక ప్రతి పంపినాము. తిట్లు లేవు. తేదీలు, కిలోమీటర్లు, ఛాసిస్ నెంబరు, రెండు జాబ్ కార్డుల నకళ్ళు, పెద్దరోడ్డుమీద జరిగినది, మేము కోరేది, జవాబుకు పదిహేను దినాల గడువు. మొదటి జవాబు అచ్చు కాగితం: "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము." రెండవ లేఖలో పన్నెండో నెల జాబ్ కార్డులోని ఆ వాక్యం క్రింద గీత గీసి పంపినాము. తరువాత కంపెనీ ఇంజనీరు వచ్చి బండి చూచినారు. రాక్ ఖరీదు కంపెనీవారు పెట్టుకొనేట్టూ, కూలీ, తక్కిన ఖర్చులు మేము పెట్టుకొనేట్టూ తేలింది. మాకు పడినది రూ. 6,800. ఇది మా హక్కని వారెక్కడా వొప్పుకోలేదు. సద్భావంతో యిస్తున్నామని వ్రాసినారు. ఆ మాట మాకు కొంచెం గుచ్చుకొన్నది. ఐనా సంతకం చేసినాము. ఫీజు గడువు దగ్గర పడుతున్నది.

బాగేపల్లి బావమరిది

ఇంత తేలికగా అందరికీ జరుగదు. మా యింటివారి తమ్ముడు బాగేపల్లిలో టాక్సీ తోలుకుంటాడు. అతని బండి క్లచ్చు, వారంటీ తీరిన రెండు నెలలకు పోయింది. చెప్పిన ఎస్టిమేటు వొకటి, వచ్చిన బిల్లు దానికి వొకటిన్నర రెట్లు. డబ్బు కట్టేదాకా బండి యివ్వమన్నారు. ఇది అన్యాయమని అతడు కేకలు వేసినాడు గాని, పని చేసినవాడు తనకు న్యాయంగా రావలసిన కూలీ వచ్చేదాకా వస్తువును తన దగ్గర వుంచుకోవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను చెబుతుంది. వెనుకటి కుమ్మరి, కమ్మరి పద్ధతే అది. ఐతే మనం వొప్పుకోని పనికి, మనం వొప్పుకోని ధర ఆ కూలీలో చేరుతుందా అన్నది వేరే ప్రశ్న. అటువంటి చోట, డబ్బు కట్టి, బిల్లుమీద "అభ్యంతరంతో చెల్లించినాను" అని వ్రాసి, సంతకం చేసి, నకలు పుచ్చుకోవటం మేలు. బండి చేతికి వస్తుంది. తగవూ బ్రతికి వుంటుంది.

కమిషనుకు పోదామని మేము అతనితో అన్నాము. "బావా, చిక్కబళ్ళాపురానికి నాలుగు వాయిదాలు తిరిగితే నాలుగు బాడుగలు పాయె. కాగితం కన్నా దినం కూలి పెద్దది నాకు" అన్నాడు. ఆ మాటకు మేము యిప్పటికీ సరియైన జవాబు చెప్పలేకున్నాము. చట్టం వుచితంగానే దొరుకుతుంది. దానికోసం పోగొట్టుకొనే దినం మాత్రం వుచితం కాదు.

తెలిసికొని వుండదగినవి

ఐనప్పటికీ దారి యేమిటో తెలిసి వుండటం మంచిది. 1986 నాటి చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలైలో అమలైంది. దీని ప్రకారం మనం నివసించే చోటో, వుద్యోగం చేసే చోటో వున్న జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ యే రాష్ట్రంలో వున్నా సరే, మనకు చిక్కబళ్ళాపురమే చాలు. 2007లో కోలారు నుండి విడివడి మన జిల్లా యేర్పడటంవల్ల కలిగిన లాభాలలో యిదొకటి. చెల్లించిన ప్రతిఫలం రూ. 50 లక్షల దాకా వుంటే జిల్లా కమిషను విచారిస్తుంది. రూ. 5 లక్షల దాకా ఫీజు లేదు. ఆపైన పది లక్షల దాకా రూ. 200. వకీలు తప్పనిసరి కాదు. ఇంటినుండే కంప్యూటరు ద్వారా కూడా దాఖలు చేయవచ్చును.

గడువు రెండేండ్లు. ఇది వారంటీ గడువు కాదు. తగవుకు కారణం పుట్టిన నాటినుండి లెక్క. చాలామంది వారంటీ తీరగానే తమ హక్కంతా తీరిందనుకొంటారు. అది పొరబాటు. వారంటీ కంపెనీ తానుగా యిచ్చిన మాట. చట్టం యిచ్చిన మాట వేరు. పుట్టుకతో వచ్చిన లోపం ఆలస్యంగా బయటపడవచ్చు. గడువులో చెప్పిన లోపాన్ని బాగుచేయకుండా గడువు దాటించి వుండవచ్చు. డబ్బు పుచ్చుకొని చేసిన రిపేరు సరిగా వుండకపోవచ్చు. ఈ మూడింటికీ వారంటీ కార్డు మీది తేదీ వొక్కటే జవాబు కాజాలదు. కాని లోపం పుట్టుకతో వచ్చిందని రుజువు చేయవలసిన భారం మనదే. నిపుణుని రిపోర్టు లేకుండా వొట్టి మాట నిలువదు. అవసరమైతే కమిషనే పరీక్షకు పంపుతుంది. అరిగిపోయే బ్రేకు ప్యాడ్లకూ, మనం సమయానికి ఆయిలు మార్చక చెడిన ఇంజనుకూ యే చట్టమూ అడ్డు రాదు.

వ్యాపారం కొరకు కొన్నవాడు వినియోగదారుడు కాడని చట్టంలో వొక మెలిక వున్నది. ఐతే తన పొట్టకూటికై తానే తోలుకొనే టాక్సీ దానిక్రిందికి రాదు. మా బావమరిదివంటివారు యిది గుర్తుంచుకోవాలి.

మరొకటి. కొన్ని లోపాలకు కంపెనీలే బండ్లను వెనుకకు పిలిచి వుచితంగా బాగుచేస్తవి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ప్రభుత్వమే అట్లా పిలిపించే అధికారం వున్నది. 2021 ఏప్రిలు నుండి దాని నియమాలు అమలులో వున్నవి. పెద్ద రిపేరుకు డబ్బు కట్టేముందు కంపెనీ వెబ్‌సైటులో మన ఛాసిస్ నెంబరు కొట్టి చూస్తే నష్టం లేదు. బిల్లులో పన్ను కూడా చూచుకోవాలి: 2025 సెప్టెంబరు 22 నుండి విడిభాగాల మీద జి.ఎస్.టి. 28 నుండి 18 శాతానికి దిగింది. కమిషనుకు పోకముందు 1915 అనే నెంబరుకు ఫోను చేస్తే జాతీయ హెల్ప్‌లైనువారు ఫిర్యాదు తీసికొని కంపెనీకి పంపుతారు. చాలా తగవులు అక్కడే తెమలవచ్చును.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది చిన్నది. వారంటీ తీరడానికి వొక నెల ముందు బండిని పూర్తిగా చూపించి, వినబడే ప్రతి శబ్దాన్నీ జాబ్ కార్డులో వ్రాయించాలి. వ్రాయించినది చదివి సంతకం చేయాలి. పాత భాగాలు తిరిగి యిమ్మని ముందే అడగాలి. ఎస్టిమేటు మించితే తమను అడిగి చేయమని వ్రాయించాలి. వ్రాయనంటే, ఇంటికి వచ్చి ఆనాడే వొక ఉత్తరమో ఈమెయిలో పంపాలి.

ఇంతా వ్రాసి చూచుకుంటే, డీలరుల వద్ద పనిచేసే పిల్లలమీద మాకు కోపం లేదు. ఆ బల్ల దగ్గరి యువకునికీ నెలకు యిన్ని బిల్లులని లెక్క వుంటుంది కాబోలు. పైవారు చెప్పినది అతడు చెప్పినాడు. మా కిటికీ దగ్గర మేమూ యెన్నిమార్లు పైవారి మాట చెప్పి మనుషులను పంపలేదు? వడ్రంగికీ రైతుకూ వున్న మొగమాటం ఈనాటి బేరంలో లేదు. దాని స్థానంలో నిలిచేది వ్రాతపూర్వకమైన వొక్క వాక్యం. అది వుంటే యెదుటివాడు మన మొగం చూడక తప్పదు.

ఇప్పుడు మా బండి శబ్దం లేకుండా నడుస్తున్నది. అమ్మాయి ఫీజు కట్టినాము. జాబ్ కార్డులు మాత్రం మా కచేరీ ఫైలులో లేవు. బీరువాలో, చీరెల క్రింద, ఆ ప్లాస్టిక్కు సంచీలోనే వున్నవి. అవి అక్కడే భద్రంగా వుంటవని మాకు నమ్మకం కుదిరింది.